కస్టడీ మరణాలు – చట్టపరమైన రక్షణలు (సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతం)

పోలీసుల అదుపులో గానీ జైలులో గానీ ఉన్న వ్యక్తి మరణిస్తే దానిని కస్టడీ మరణం అంటారు. తెలుగు పత్రికల్లోనూ జనం మాటల్లోనూ స్థిరపడిన పేరు లాకప్ డెత్. జైలు మరణాలు, ఆసుపత్రికి తరలిస్తుండగా సంభవించే మరణాలు, ఎస్కార్టు వాహనంలో జరిగే మరణాలు కూడా చట్టం దృష్టిలో ఇదే కోవకు చెందుతాయి. వీటిని నివారించడానికి, జరిగినప్పుడు నిజం తేల్చడానికి, బాధ్యులను శిక్షించడానికి, కుటుంబానికి పరిహారం ఇవ్వడానికి భారత రాజ్యాంగంలో, నేర చట్టాల్లో, న్యాయస్థానాల తీర్పుల్లో ఉన్న ఏర్పాట్లను ఈ వ్యాసం వివరిస్తుంది. ఉదాహరణలకు ఉమ్మడి నల్గొండ జిల్లాలోని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాలనూ వాటి పరిసరాలనూ తీసుకుంటుంది.

ఈ రక్షణల్లో చాలా భాగం అరెస్టు కాగితం మీదికి ఎక్కిన క్షణం నుంచి గట్టిగా పనిచేస్తాయి. ప్రాణానికి ముప్పు మాత్రం ఎక్కువగా అంతకుముందే, "విచారణకని తీసుకెళ్లారు" అని ఇంట్లోవాళ్లు చెప్పే దశలో ఉంటుంది. కింది విభాగాలన్నిటికీ ఈ అంతరమే కీలకం.

నిర్వచనం, పరిధి

అరెస్టు, కస్టడీ ఒకటి కావు. అరెస్టుకు మెమో ఉంటుంది, సమయం ఉంటుంది, సాక్షి సంతకం ఉంటుంది. కస్టడీకి ఇవేవీ అక్కర్లేదు. ఒక మనిషి తన ఇష్టప్రకారం లేచి వెళ్లిపోలేని స్థితిలో పోలీసుల అధీనంలో ఉన్నాడంటే అతడు కస్టడీలో ఉన్నట్టే. స్టేషన్ బల్లమీద కూర్చోబెట్టినా, జీపులో తిప్పుతున్నా, వేరేచోట ఉంచినా స్థితి అదే. పేరు రిజిస్టరులో రాయలేదన్న కారణంతో కస్టడీ కాకుండా పోదు.

కస్టడీ స్థూలంగా రెండు రకాలు. మొదటిది పోలీసు కస్టడీ. ఇందులో అరెస్టు నుంచి మేజిస్ట్రేటు ముందు హాజరుపరిచేదాకా ఉన్న కాలం, ఆపైన కోర్టు అనుమతితో విచారణ కోసం మళ్ళీ పోలీసులకు అప్పగించిన కాలం చేరతాయి. రెండోది జ్యుడీషియల్ కస్టడీ, అంటే రిమాండు ఖైదీగానో శిక్ష పడిన ఖైదీగానో జైలులో ఉండటం. పోలీసు దెబ్బలు తిన్న వ్యక్తి రిమాండుకు వెళ్లి కొన్ని రోజులకు జైలులో మరణిస్తే లెక్కల్లో అది జైలు మరణంగా నమోదవుతుంది, కారణం మాత్రం స్టేషన్‌లో ఉంటుంది. అందుకే ఈ రెండు రకాల గణాంకాలను విడివిడిగా చదివితే అసలు విషయం తప్పిపోతుంది.

చారిత్రక నేపథ్యం

పోలీసుల ముందు చేసిన నేరాంగీకారం చెల్లదన్న సూత్రానికి మూలాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నాయి. పన్ను వసూలుకూ నేరం ఒప్పించడానికీ రెవెన్యూ, పోలీసు సిబ్బంది జనాన్ని హింసిస్తున్నారన్న ఫిర్యాదులపై ఈ.ఎఫ్. ఇలియట్, హెచ్. స్టోక్స్, జాన్ బ్రూస్ నార్టన్‌లతో ఏర్పడిన విచారణ సంఘం 1855లో నివేదిక ఇచ్చింది. అప్పటి తెలుగు జిల్లాలు కూడా ఆ ప్రెసిడెన్సీలో భాగమే. తర్వాత 1861 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్, 1872 నాటి సాక్ష్య చట్టం పోలీసుల ముందు చేసిన ఒప్పుకోలును నేర నిరూపణకు పనికిరాకుండా చేశాయి.

సూర్యాపేట, మిర్యాలగూడ ప్రాంతం నిజాం పాలనలోని హైదరాబాదు సంస్థానంలో ఉండేది. 1946–51 తెలంగాణ సాయుధ పోరాటానికి నల్గొండ జిల్లా ప్రధాన కేంద్రం. ఆ కాలంలో సాయుధ బలగాల శిబిరాల్లో జరిగిన చిత్రహింసలనూ మరణాలనూ పుచ్చలపల్లి సుందరయ్య 1972లో వెలువడిన తన తెలంగాణ పోరాట గ్రంథంలో గ్రామాలవారీగా నమోదు చేశారు. పార్ట్ బి రాష్ట్రాల (చట్టాల) చట్టం ద్వారా 1951 ఏప్రిల్ 1 నుంచి కేంద్ర నేర చట్టాలు హైదరాబాదు రాష్ట్రానికి వర్తించాయి. రాజ్యాంగం అప్పటికే అమలులో ఉంది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ అంశం రాష్ట్రాన్ని కుదిపేసిన సందర్భం 1978 నాటి హైదరాబాదు నల్లకుంట పోలీస్‌స్టేషన్ ఉదంతం. ఒక మహిళపై పోలీసులు అత్యాచారం చేశారనీ, ప్రశ్నించిన భర్తను కొట్టి చంపారనీ ఆరోపణలు రావడంతో పెద్దఎత్తున ఆందోళనలు జరిగాయి. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులను తప్పుపట్టింది. కేసు విచారణ కర్ణాటకకు బదిలీ అయింది, అక్కడ నిందితులు నిర్దోషులుగా బయటపడ్డారు. విచారణ కమిషన్ నిర్ధారణకూ క్రిమినల్ కోర్టులో రుజువుకూ మధ్య ఎంత దూరం ఉంటుందో ఈ కేసు తేల్చిచెప్పింది.

ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం, న్యాయవాది కె.జి. కన్నబిరాన్, గణిత అధ్యాపకుడు కె. బాలగోపాల్, 1998లో ఏర్పడిన మానవహక్కుల వేదిక లాకప్ మరణాలపై నిజనిర్ధారణ జరిపి నివేదికలు ప్రచురించే సంప్రదాయాన్ని నెలకొల్పారు. ప్రభుత్వ రికార్డులో "ఆత్మహత్య", "గుండెపోటు" అని ఉన్న మరణాల వెనకటి వివరాలు నలుగురికీ తెలియడంలో ఈ కృషి పాత్ర పెద్దది.

ప్రాంతీయ పాలనా నిర్మాణం

2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్విభజనలో సూర్యాపేట కొత్త జిల్లా అయింది, కోదాడ అందులో చేరింది. మిర్యాలగూడ నల్గొండ జిల్లాలోనే ఉండిపోయింది. కాబట్టి కోదాడలో ఒక మరణం జరిగితే బాధ్యత సూర్యాపేట ఎస్పీది, కలెక్టరుది. మిర్యాలగూడలో జరిగితే నల్గొండ అధికారులది. కోదాడ, మిర్యాలగూడ రెండూ డీఎస్పీ స్థాయి సబ్ డివిజన్ కేంద్రాలు, రెవెన్యూ డివిజన్ కేంద్రాలు కూడా. 2022 జూన్ 2న తెలంగాణలో 23 కొత్త జిల్లా కోర్టులు ప్రారంభమైనప్పుడు సూర్యాపేట ప్రత్యేక న్యాయ జిల్లాగా ఏర్పడింది.

సూర్యాపేట, హుజూర్‌నగర్, మిర్యాలగూడల్లో సబ్ జైళ్లు, నల్గొండలో జిల్లా జైలు ఉన్నాయి. సూర్యాపేట, నల్గొండల్లో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. నిపుణులైన వైద్యుల బృందంతో పోస్టుమార్టం జరిపించడానికి ఈ కళాశాలలు ముఖ్యం. సూర్యాపేట, కోదాడ 65వ జాతీయ రహదారి మీద ఉన్నాయి. మిర్యాలగూడ బియ్యం మిల్లుల పట్టణం. రహదారి దొంగతనాలు, మిల్లుల సరుకు, వలస కూలీలు, చుట్టూ లంబాడా తండాలు, దళితవాడలు: అనుమానం మీద స్టేషన్‌కు పిలిచే కేసులు ఈ పరిసరాల్లో ఏ వర్గాల మీద పడతాయో ఊహించడం కష్టం కాదు.

అరెస్టు దశలో రక్షణలు

రాజ్యాంగంలోని 20(3) అధికరణ ప్రకారం నేరారోపణ ఎదుర్కొంటున్న ఎవరినీ తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పమని బలవంతపెట్టరాదు. 21వ అధికరణ ప్రాణానికీ వ్యక్తిగత స్వేచ్ఛకూ హామీ ఇస్తుంది. 22వ అధికరణ మూడు హక్కులు కల్పిస్తుంది: అరెస్టుకు కారణం తెలుసుకోవడం, న్యాయవాదిని సంప్రదించడం, ప్రయాణ సమయం మినహా 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరు కావడం.

2024 జూలై 1 నుంచి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత అమలులోకి వచ్చింది. స్టేషన్లలోనూ కోర్టు ఆవరణల్లోనూ నేటికీ "41ఏ నోటీసు" అనే పిలుస్తున్న పత్రం ఇప్పుడు 35వ సెక్షన్ కిందికి వచ్చింది. ఏడేళ్ల లోపు శిక్షపడే నేరాల్లో అవసరం ఉంటే తప్ప అరెస్టు చేయకుండా ఈ నోటీసు ఇచ్చి పిలవాలని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు నొక్కిచెప్పింది. మూడేళ్ల లోపు శిక్షపడే నేరంలో నిందితుడు అశక్తుడైతే లేదా 60 ఏళ్లు దాటితే డీఎస్పీ అనుమతి లేకుండా అరెస్టు చేయరాదన్న నిబంధన కొత్త చట్టంలో చేరింది.

అరెస్టు చేసే విధానం 36వ సెక్షన్‌లో ఉంది. పోలీసు పేరు కనిపించే గుర్తింపు ధరించాలి. కుటుంబ సభ్యుడో ఆ ప్రాంతపు పెద్దమనిషో సంతకం పెట్టిన మెమో రాయాలి. 48వ సెక్షన్ ప్రకారం బంధువుకు గానీ స్నేహితుడికి గానీ అరెస్టు సమాచారం, ఎక్కడ ఉంచారన్న వివరం చెప్పాలి. 38వ సెక్షన్ విచారణ సమయంలో న్యాయవాదిని కలిసే హక్కునిస్తుంది. అరెస్టు వివరాల బాధ్యత కోసం ప్రతి పోలీస్‌స్టేషన్‌లో ఏఎస్ఐకి తగ్గని అధికారిని నియమించాలని 37వ సెక్షన్ కొత్తగా నిర్దేశించింది. ప్రత్యేక పరిస్థితుల్లో, మేజిస్ట్రేటు ముందస్తు అనుమతితో మహిళా అధికారి వస్తే తప్ప, సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు మహిళను అరెస్టు చేయరాదని 43వ సెక్షన్ చెబుతోంది. సాక్షిగా విచారించదలచిన మహిళను ఆమె ఇంటివద్దే ప్రశ్నించాలని 179వ సెక్షన్ నిర్దేశిస్తోంది.

వీటిలో చాలావాటికి మూలం 1996 డిసెంబరు 18న వెలువడిన డి.కె. బసు తీర్పు. పశ్చిమ బెంగాల్‌లో న్యాయసహాయ సేవల సంస్థ బాధ్యుడు రాసిన లేఖను రిట్ పిటిషన్‌గా తీసుకుని సుప్రీంకోర్టు 11 ఆదేశాలు ఇచ్చింది. మెమో, సమాచారం, న్యాయవాది వంటివి తర్వాత చట్టంలోకి ఎక్కాయి. అంతగా ప్రచారం పొందనివి రెండు ఉన్నాయి. ఒకటి, అరెస్టు అయిన వ్యక్తి కోరితే అతని ఒంటిమీది చిన్నాపెద్దా గాయాలన్నీ అప్పుడే రాసి, అతని సంతకం, అధికారి సంతకం తీసుకుని, ప్రతి అతనికి ఇవ్వాలి. రెండోది, కస్టడీలో ఉన్నంతకాలం ప్రతి 48 గంటలకు వైద్య పరీక్ష జరగాలి. కోదాడలో అరెస్టు అయిన వ్యక్తి ఒంటిమీద దెబ్బలు లేవని మొదటి రోజు పత్రంలో ఉండి, మూడో రోజు పత్రంలో దెబ్బలు కనబడితే, వాటికి జవాబు చెప్పాల్సింది మధ్యలో ఆ వ్యక్తిని దగ్గర ఉంచుకున్నవారే. రుజువు దొరకడం అరుదైన ఈ నేరాల్లో ఈ రెండు పత్రాల విలువ మిగతావాటికంటే ఎక్కువ.

అరెస్టు కారణాలను రాతపూర్వకంగా, అరెస్టయిన వ్యక్తికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలనీ, వెంటనే వీలుకాకపోతే రిమాండుకు హాజరుపరచడానికి కనీసం రెండు గంటల ముందైనా ఇవ్వాలనీ 2025 నవంబరులో మిహిర్ రాజేష్ షా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఒడిశా, బిహార్‌ల నుంచి వచ్చిన మిల్లు కూలీకి తెలుగు పత్రం, తండావాసికి ఇంగ్లిషు పత్రం ఇచ్చి సంతకం చేయించుకుంటే ఈ తీర్పు పాటించినట్టు కాదు.

రిమాండు, జైలు దశ

మేజిస్ట్రేటు ముందు హాజరుపరచడం నిందితుడికి దక్కే మొదటి స్వతంత్ర పరిశీలన. పోలీసులు హింసించారా అని మేజిస్ట్రేటే స్వయంగా అడగాలనీ, వైద్య పరీక్ష కోరే హక్కు ఉందని చెప్పాలనీ సుప్రీంకోర్టు 1983లో షీలా బర్సే కేసులో నిర్దేశించింది. నిందితుడు జవాబిచ్చేటప్పుడు తీసుకొచ్చిన పోలీసులు పక్కనే నిలబడి ఉంటే ఆ ప్రశ్న లాంఛనంగా మిగిలిపోతుంది.

పోలీసు కస్టడీకి గరిష్ఠ పరిమితి 15 రోజులు. పాత చట్టంలో ఈ 15 రోజులూ మొదటి రిమాండు నుంచి వరుసగా లెక్కకు వచ్చేవి. కొత్త సంహితలోని 187వ సెక్షన్ ప్రకారం నేర తీవ్రతను బట్టి మొదటి 40 లేదా 60 రోజుల వ్యవధిలో విడతలవారీగా కూడా తీసుకోవచ్చు. దర్యాప్తుకు ఇది వెసులుబాటు అని ప్రభుత్వం సమర్థిస్తోంది. జైలుకు వెళ్లిన మనిషి మళ్ళీ స్టేషన్‌కు వస్తాడేమోనన్న భయంతో ఫిర్యాదు చేయడానికి వెనకాడతాడని న్యాయవాదులు విమర్శిస్తున్నారు. కస్టడీ మరణాల కోణంలో చూస్తే ఈ విమర్శకు బలం ఉంది.

జైలులో చేర్చుకునేటప్పుడు ఖైదీకి వైద్య పరీక్ష జరిపి, గాయాలూ గుర్తులూ రాయాలని 1894 నాటి జైళ్ల చట్టం చెబుతోంది. సబ్ జైలు అధికారికి ఇది సొంత రక్షణ కూడా. ఆ నమోదు సరిగా ఉంటే తర్వాత జరిగే మరణానికి కారణం స్టేషన్‌లో మొదలైందా జైల్లోనా అన్నది తేలుతుంది. జైలు మరణాల్లో అధిక భాగం అనారోగ్యం వల్లనని అధికారిక గణాంకాలు చూపుతాయి. సకాలంలో ఆసుపత్రికి పంపకపోవడం, మద్యం మానడం వల్ల వచ్చే తీవ్ర లక్షణాలను గుర్తించకపోవడం "సహజ మరణం" అన్న మాట కింద మరుగున పడతాయి. 1382 జైళ్లలోని అమానుష పరిస్థితులపై 2017 సెప్టెంబరు 15న ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు, 2012–15 మధ్య జరిగిన అసహజ జైలు మరణాలకు పరిహారం విషయంలో హైకోర్టులు తమంతట తామే కేసులు చేపట్టాలని కోరింది.

మరణం తర్వాత విచారణ

2006కు ముందు కస్టడీ మరణంపై విచారణ సాధారణంగా ఆర్డీవో వంటి ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు చేతిలో ఉండేది. ఆ అధికారి, పోలీసులు ఒకే జిల్లా యంత్రాంగానికి చెందినవారు. పాత కోడ్‌కు 2005లో చేసిన సవరణ 2006 జూన్ 23 నుంచి అమలులోకి వచ్చి 176(1ఏ) ఉపవిభాగాన్ని చేర్చింది. కస్టడీలో మరణం, అదృశ్యం, అత్యాచార ఆరోపణ ఉంటే పోలీసు దర్యాప్తుతోపాటు జ్యుడీషియల్ మేజిస్ట్రేటు విచారణ తప్పనిసరి అయింది. ప్రస్తుతం ఇది నాగరిక సురక్షా సంహిత 196(2)గా కొనసాగుతోంది. "అదృశ్యం" అన్న మాట ఇందులో ముఖ్యం. శవం దొరకలేదన్న కారణంతో విచారణ ఆగిపోకూడదన్నది దాని ఉద్దేశం.

మేజిస్ట్రేటు 24 గంటల్లోగా శవాన్ని పరీక్షకు పంపాలి. వీలైనంతవరకు బంధువులకు సమాచారం ఇచ్చి, విచారణకు హాజరుకానివ్వాలి. జాతీయ మానవ హక్కుల కమిషన్ 1993 డిసెంబరు 14న ఇచ్చిన ఆదేశం ప్రకారం కలెక్టరు, ఎస్పీ 24 గంటల్లోగా కమిషన్‌కు మరణ సమాచారం పంపాలి, పంపకపోతే దాచే ప్రయత్నంగా భావించాల్సి వస్తుంది. పోస్టుమార్టాన్ని వీడియో తీయాలని కమిషన్ 1995లో చెప్పింది, 1997లో నమూనా నివేదిక పత్రం రూపొందించింది. అందులో అరికాళ్ల మీద, మణికట్టు దగ్గర, వీపు మీద కనిపించే గాయాల కోసం ప్రత్యేకంగా వెతకాలి. పై చర్మం మీద మచ్చ కనబడకుండానే లోపల కండరాలు నలిగిపోయే దెబ్బలు ఉంటాయి కాబట్టి ఈ జాగ్రత్త అవసరమైంది.

ఆచరణలో మొదటి రెండు రోజులు కీలకం. శవ పంచనామా ఎవరు రాశారు, పోస్టుమార్టం ఎక్కడ జరిగింది, ఎంతమంది వైద్యులు చేశారు, అంత్యక్రియలు ఎంత తొందరగా జరిగాయి అన్న నాలుగు విషయాలు ఆ తర్వాతి విచారణ గమనాన్ని నిర్ణయిస్తాయి. ఈ గంటల్లోనే ఊరి పెద్దల ద్వారా రాజీ మాటలు కుటుంబం దగ్గరికి వస్తాయి. కస్టడీ హత్య రాజీకి వీలున్న నేరం కాదు. కుటుంబం డబ్బు తీసుకున్నా క్రిమినల్ కేసు ఆగాల్సిన పని లేదు.

నేర బాధ్యత, సాక్ష్యం

హత్య, నేరపూరిత నరహత్యలకు భారతీయ న్యాయ సంహితలోని 103, 105 సెక్షన్లు వర్తిస్తాయి. ఒప్పుకోలు రాబట్టడానికో దొంగసొత్తు చూపించమనో కొడితే 120వ సెక్షన్ ప్రకారం ఏడేళ్లు, తీవ్ర గాయమైతే పదేళ్ల వరకు శిక్ష. సాక్ష్యాలు మాయం చేయడం 238వ సెక్షన్ కింద నేరం. మృతులు దళితులు, గిరిజనులైతే 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కూడా వర్తించవచ్చు. విధి నిర్వహణలో కావాలని నిర్లక్ష్యం చేసిన ప్రభుత్వోద్యోగిపై అందులోని 4వ సెక్షన్ ప్రయోగించవచ్చు.

భారతీయ సాక్ష్య అధినియమంలోని 23వ సెక్షన్ పోలీసు అధికారి ముందు చేసిన ఒప్పుకోలును తోసిపుచ్చుతుంది. అదే సెక్షన్‌లోని మినహాయింపు, నిందితుడి మాట వల్ల ఒక వస్తువు దొరికితే ఆ మాటలోని అంత భాగాన్ని అనుమతిస్తుంది. "రికవరీ" కోసం కొట్టడం వెనక ఈ మినహాయింపు ఉంది. దొంగతనం కేసుల్లో లాకప్ హింస ఎక్కువగా వినిపించడానికి ఇదొక కారణం.

లాకప్‌లో జరిగినదానికి సాక్షులు తోటి పోలీసులే అవుతారు. 1995లో శ్యాంసుందర్ త్రివేది కేసులో సుప్రీంకోర్టు ఈ వాస్తవాన్ని గుర్తించి, ప్రత్యక్ష సాక్ష్యం కోసం పట్టుబట్టి నిందితులను వదిలేయడం న్యాయం కాదని చెప్పింది. కస్టడీలో గాయాలుంటే వాటికి పోలీసే కారణమని కోర్టు భావించవచ్చన్న నిబంధన చేర్చాలని లా కమిషన్ 113వ నివేదికలో 1985లోనే సూచించింది. 2023లో కొత్త సాక్ష్య చట్టం వచ్చినప్పుడు కూడా అది చేరలేదు. ప్రభుత్వ అనుమతి లేకుండా విచారణ జరపరాదన్న పాత 197వ సెక్షన్ ఇప్పుడు 218గా ఉంది. కస్టడీలో కొట్టి చంపడం విధి నిర్వహణ అనిపించుకోదని వాదించి గెలిచిన కేసులు ఉన్నా, ఆ వాదనకే ఏళ్లు గడిచిపోతాయి.

పరిహారం

ఈ రంగంలో తెలుగు నేల నుంచి వెళ్లిన ముఖ్యమైన కేసు చల్లా రామకృష్ణారెడ్డిది. అప్పటి కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబ్ జైలులో రిమాండులో ఉన్న తండ్రీకొడుకుల మీద 1977 మేలో ప్రత్యర్థులు బాంబులు వేశారు. తండ్రి చనిపోయాడు, కొడుకు గాయపడ్డాడు. ముప్పు ఉందని తెలిసినా తగిన కాపలా పెట్టలేదని దావా వేశారు. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 1989లో 1,44,000 రూపాయల పరిహారం మంజూరు చేసింది. జైలు నిర్వహణ సార్వభౌమ విధి కాబట్టి ప్రభుత్వానికి బాధ్యత లేదన్న వాదనను సుప్రీంకోర్టు 2000లో తిరస్కరించింది. ప్రాణహక్కు ఉల్లంఘన ముందు సార్వభౌమ రక్షణ నిలవదని ఈ తీర్పుతో స్థిరపడింది. చేయి చేసుకున్నది ప్రభుత్వోద్యోగి కాకపోయినా, కాపాడే బాధ్యతలో విఫలమైతే ప్రభుత్వమే చెల్లించాలన్నది దీని సారం. సబ్ జైళ్లున్న ప్రతి పట్టణానికీ ఇది నేరుగా వర్తిస్తుంది.

ఒడిశాకు చెందిన నీలాబతి బెహరా కేసులో సుప్రీంకోర్టు 1993లో 1,50,000 రూపాయలు మంజూరు చేస్తూ, సివిల్ దావాతో నిమిత్తం లేకుండా రిట్ ద్వారానే పరిహారం ఇవ్వవచ్చని స్పష్టం చేసింది. ప్రస్తుతం కుటుంబాలకు 226వ అధికరణ కింద హైకోర్టు, మానవ హక్కుల కమిషన్ సిఫారసు, బాధితుల పరిహార పథకం, అత్యాచారాల నిరోధక నియమాలు అన్న నాలుగు మార్గాలున్నాయి. ఈ నియమాలకు 2016లో చేసిన సవరణ ప్రకారం హత్య కేసుల్లో దళిత, గిరిజన కుటుంబాలకు 8,25,000 రూపాయలు అందాలి. జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా ఉచితంగా న్యాయవాదిని పొందవచ్చు.

పర్యవేక్షణ సంస్థలు

1993 చట్టం కింద ఏర్పడిన మానవ హక్కుల కమిషన్లు విచారించి సిఫారసు చేయగలవు, శిక్షించలేవు. ఘటన జరిగిన ఏడాది దాటితే కమిషన్ విచారణ చేపట్టలేదు. తెలంగాణ రాష్ట్ర కమిషన్ 2019 డిసెంబరులో జస్టిస్ జి. చంద్రయ్య అధ్యక్షతన ఏర్పడింది. ఆయన పదవీకాలం ముగిశాక రెండేళ్లకు పైగా ఖాళీగా ఉండి, 2025 ఏప్రిల్‌లో జస్టిస్ షమీమ్ అక్తర్ అధ్యక్షతన మళ్ళీ పనిలోకి వచ్చింది. ఏడాది గడువు ఉన్న చోట రెండేళ్ల ఖాళీ అంటే ఎందరి ఫిర్యాదులకో తలుపు మూసుకుపోయినట్టే.

2020 డిసెంబరు 2న పరంవీర్ సింగ్ సైనీ కేసులో ప్రతి పోలీస్‌స్టేషన్‌లో లాకప్, వరండా, అధికారుల గదులు, ప్రవేశద్వారాలు కనబడేలా, మాటలు కూడా రికార్డయ్యేలా సీసీ కెమెరాలు పెట్టాలనీ, రికార్డును 18 నెలలు, అంత సామర్థ్యం లేకపోతే కనీసం ఏడాది భద్రపరచాలనీ సుప్రీంకోర్టు ఆదేశించింది. కెమెరాలు పనిచేయకపోవడంపై అదే కోర్టు 2025 సెప్టెంబరులో తనంతట తానే కేసు చేపట్టింది. ఈ కెమెరా విలువ మెమో రాయని గంటల్లోనే ఉంది, అరెస్టు చూపించకముందు మనిషి స్టేషన్‌లో ఉన్నాడని చెప్పగలిగే సాక్షి అదే.

ఉమ్మడి నల్గొండలోనూ తెలంగాణలోనూ ప్రధాన ఉదంతాలు

2015 ఏప్రిల్ మొదటి వారం ఈ ప్రాంతానికి విషాదకరమైనది. సూర్యాపేట బస్టాండులో తనిఖీ చేస్తున్న పోలీసులపై ఇద్దరు సాయుధులు కాల్పులు జరపగా ఒక కానిస్టేబులు, ఒక హోంగార్డు చనిపోయారు. ఆ సాయుధులు జానకీపురం దగ్గర ఎదురుకాల్పుల్లో మరణించారు. అక్కడ కూడా పోలీసులు ప్రాణాలు కోల్పోయారు. ఏప్రిల్ 7న వరంగల్ జైలు నుంచి హైదరాబాదు కోర్టుకు తీసుకెళ్తున్న అయిదుగురు విచారణ ఖైదీలు ఆలేరు దగ్గర ఎస్కార్టు వాహనంలో పోలీసు కాల్పులకు బలయ్యారు. ఆయుధాలు లాక్కోబోయారని పోలీసులు చెప్పారు, చేతులకు బేడీలున్నవారు ఎలా లాక్కుంటారని కుటుంబాలూ హక్కుల సంఘాలూ ప్రశ్నించాయి. ప్రభుత్వం ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని నియమించింది. విధుల్లో చనిపోయిన పోలీసుల పట్ల గౌరవం, నిర్బంధంలో ఉన్నవారి ప్రాణహక్కు ఒకదానికొకటి అడ్డు కావు. చట్టం రెండింటినీ వేర్వేరుగానే చూస్తుంది.

2021 జూన్ 18న అడ్డగూడూరు పోలీస్‌స్టేషన్‌లో ఒక దళిత మహిళ మరణించింది. ఆమెపై ఉన్నది దొంగతనం అనుమానం. హైకోర్టు న్యాయ విచారణకు ఆదేశించింది. ప్రభుత్వం కుటుంబానికి పరిహారం, కొడుక్కి ఉద్యోగం ప్రకటించింది. జూలైలో ముగ్గురు పోలీసులను ఉద్యోగం నుంచి తొలగించారు. అదే ఏడాది నవంబరులో సూర్యాపేట జిల్లా ఆత్మకూర్ (ఎస్)లో దొంగతనం అనుమానంతో తీసుకెళ్లిన గిరిజనుణ్ణి తీవ్రంగా కొట్టారన్న ఆరోపణపై తండావాసులు ఆందోళనకు దిగారు. అతడు బతికాడు. ఈ రెండు ఘటనల్లో మొదట కనబడేది ఒకటే: చిన్న దొంగతనం, రికవరీ కోసం ఒత్తిడి, పేద కుటుంబం.

2020 మేలో మంథని పోలీస్‌స్టేషన్ మరణంపై న్యాయవాది రాసిన లేఖను హైకోర్టు పిటిషన్‌గా స్వీకరించి, హైదరాబాదు పోలీసు కమిషనరు చేత విచారణ జరిపించింది. 2023 ఫిబ్రవరిలో మెదక్ పోలీసుల దెబ్బలకు ఒక కూలీ చనిపోయాడన్న వార్తలపై తనంతట తానే కేసు చేపట్టింది. 2019 డిసెంబరు 6న చటాన్‌పల్లి దగ్గర పోలీసు కస్టడీలో ఉన్న నలుగురు నిందితుల కాల్చివేతపై సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పుర్‌కర్ కమిషన్ పది మంది పోలీసులపై హత్య విచారణ జరపాలని 2022లో సిఫారసు చేసింది. 2025 నవంబరులో కోదాడకు చెందిన దళిత యువకుడొకరు రిమాండులో ఉండగా మరణించారు. పోలీసుల హింసే కారణమని కుటుంబం, మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి (ఎమ్మార్పీఎస్) ఆరోపించి ఆందోళన చేశాయి.

దేశవ్యాప్తంగా పోలీసు కస్టడీలో 2020–21లో 100, 2021–22లో 175, 2022–23లో 164 మరణాలు నమోదైనట్టు కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది. కస్టడీ ఉందని ఒప్పుకున్న మరణాలే ఈ లెక్కలోకి వస్తాయి.

అంతర్జాతీయ ప్రమాణాలు, సంస్కరణ ప్రతిపాదనలు

చిత్రహింసల వ్యతిరేక ఐక్యరాజ్యసమితి ఒడంబడిక 1984లో వెలువడింది. భారత్ 1997 అక్టోబరు 14న సంతకం చేసింది, నేటికీ ధ్రువీకరించలేదు. ధ్రువీకరణకు వీలుగా తెచ్చిన చిత్రహింసల నిరోధక బిల్లును లోక్‌సభ 2010 మేలో ఆమోదించింది. రాజ్యసభ సెలెక్ట్ కమిటీకి వెళ్లి చివరకు కాలం చెల్లింది. లా కమిషన్ 2017లో 273వ నివేదికతో మరో ముసాయిదా ఇచ్చింది. చిత్రహింసను చిత్రహింసగా నిర్వచించి శిక్షించే ప్రత్యేక చట్టం దేశంలో లేదు.

బ్రిటన్‌లో 1984 నాటి పోలీసు, నేర సాక్ష్య చట్టం కింద నిర్బంధితుల బాగోగులు చూసే అధికారి, కేసు దర్యాప్తు చేసే అధికారి వేర్వేరుగా ఉండాలి. పోలీసుల ప్రమేయం ఉన్న మరణాలపై దర్యాప్తు స్వతంత్ర సంస్థ చేస్తుంది. మన స్టేషన్లలో అరెస్టు చేసేవారు, విచారించేవారు, జనరల్ డైరీ రాసేవారు, లాకప్ తాళం దగ్గర పెట్టుకునేవారు అంతా ఒకే అధికారి కింద ఉంటారు. పోలీసు సంఘాలు, మాజీ అధికారులు మరో వైపు నుంచి చెప్పే మాట కూడా పరిశీలించదగినదే: సిబ్బంది కొరత, శాస్త్రీయ దర్యాప్తు పరికరాల లేమి, దొంగసొత్తు వెంటనే దొరకాలన్న ఫిర్యాదుదారుల, నాయకుల ఒత్తిడి స్టేషన్ మీద పడతాయి. 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు శాంతిభద్రతల విధుల నుంచి దర్యాప్తును వేరుచేయాలనీ, రాష్ట్ర, జిల్లా స్థాయిల్లో పోలీసులపై ఫిర్యాదుల సంస్థలు పెట్టాలనీ ఆదేశించింది. జిల్లా ఫిర్యాదుల సంస్థ పరిధిలోకి పోలీసు కస్టడీలో మరణం, తీవ్ర గాయం, అత్యాచారం వంటి ఆరోపణలు రావాలని ఆ తీర్పు పేర్కొంది. సూర్యాపేటలోనో నల్గొండలోనో అలాంటి సంస్థ నిజంగా పనిచేస్తే, కోదాడ కుటుంబం హైదరాబాదు హైకోర్టు దాకా వెళ్లకుండానే తన ఫిర్యాదును పోలీసులకు బయటివారి చేతిలో పెట్టగలుగుతుంది.